బానెట్ కింద నుంచి డిక్కీలోకి – ఒక బ్యాటరీ పెట్టె కథ



పోయిన ఆదివారం మీటింగు అయ్యాక టీ తాగుతుంటే మన పిల్లోడొకడు ఫోనులో తన కారు ఫొటో చూపించాడు. పాత బండి కొన్నాడు. బానెట్ కింద ఉన్న బ్యాటరీని తీసి వెనక డిక్కీలో పెట్టిస్తాడట. "తాతా, ముందర బరువు తగ్గుతుంది, ఇంజిను పక్కన చోటొస్తుంది, డిక్కీలో పెట్టే మ్యూజిక్ సెట్టుకి కరెంటు దగ్గరవుతుంది. మెకానిక్కు సగం రోజులో చేసిస్తానన్నాడు" అన్నాడు. పక్కనున్న పెద్దలు ఒకే మాటగా వద్దన్నారు. ఎందుకు వద్దో ఒక్కరూ చెప్పలేదు. ఊరికే వద్దంటే ఈ కాలపు పిల్లలు వింటారా? వినరు. వినక్కరలేదు కూడా.

అందుకే ఈ వారం దీని గురించే రాస్తున్నాం. మేము ఇంజినీరు కాదు. రైల్వేలో స్టోర్స్ గుమాస్తాగా ముప్పై ఏళ్లకు పైగా లెడ్జర్లు రాసినవాళ్లం. బ్యాటరీలు, వైర్లు, ఫ్యూజులు ఎన్ని వచ్చాయి, ఎన్ని పోయాయి అని రాయడమే మా పని. కానీ ఆ లెడ్జర్లే మాకు ఒక చరిత్ర నేర్పాయి. ఆ చరిత్ర తెలిసి కూడా ఒకసారి నోరు మూసుకున్నాం. దాని ఫలితం మా అత్త కాలి మీద మచ్చగా మిగిలింది. ఆ సంగతి చివర్లో చెబుతాం.

ముందు బ్యాటరీ పుట్టుక. సీసం రేకుల్ని యాసిడ్‌లో ముంచి, కరెంటు దాచి మళ్లీ తీసుకునే బ్యాటరీని ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే 1859లో చేశాడు. 1881లో కమీల్ ఫోర్ అనే ఇంకో ఫ్రెంచి ఆయన రేకుల మీద సీసపు ముద్ద పూసి దాని శక్తి పెంచాడు. అదే ఏడాది ఇంగ్లండులో లండన్–బ్రైటన్ దారిలో ఒక పుల్‌మన్ పెట్టెకి ఈ ఫోర్ బ్యాటరీలతో కరెంటు దీపాలు వెలిగించారు. అప్పటికి ఎలక్ట్రిక్ స్టార్టరున్న మోటారు కారు లేదు. అంటే బండిలో బ్యాటరీ ఎక్కడ పెట్టాలి అన్న ప్రశ్న కారుకి రాకముందే రైలుకి వచ్చింది.

రైలు దానికి ఇచ్చిన జవాబు మీరందరూ చూసిందే. ప్లాట్‌ఫారం చివర నిలబడి పెట్టె కిందకి చూస్తే చక్రాల మధ్యలో పెద్ద ఇనుప పెట్టెలు వేలాడుతుంటాయి. అవే బ్యాటరీ పెట్టెలు. 1890ల్లో జె. స్టోన్ కంపెనీ చక్రం ఇరుసు నుంచి బెల్టుతో తిరిగే డైనమో పద్ధతి తెచ్చింది. రైలు నడుస్తుంటే డైనమో బ్యాటరీని నింపుతుంది, రైలు ఆగితే బ్యాటరీ దీపాలు వెలిగిస్తుంది. బ్యాటరీని మనుషులు కూర్చునే చోటికి దూరంగా, గాలి తగిలేలా, కిందనే పెట్టారు. 1955 అక్టోబరులో మన పెరంబూరులో కోచ్ ఫ్యాక్టరీ మొదలైంది. అక్కడ తయారైన పెట్టెల్లోనూ బ్యాటరీ చోటు కిందనే.

ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. రైలు పెట్టెలో దీపాల కరెంటు వెళ్లడానికి ఒక వైరు, తిరిగి రావడానికి ఇంకో వైరు. ఇనుప బాడీని వైరులాగా వాడరు. పైగా ప్లస్‌కీ మైనస్‌కీ రెండిటికీ ఫ్యూజు, అదీ బ్యాటరీ పెట్టె పక్కనే. బాడీకి కరెంటు లీకవుతుందా అని డిపోలో దీపాలు పెట్టి పరీక్ష చేస్తారు. కొత్తగా చేరినప్పుడు మాకు ఇది అర్థం కాలేదు. "ఇంత ఇనుము చేతిలో ఉంటే ఇంకో వైరు దండగ కదా సార్" అని మా సెక్షన్‌లో ఒక పెద్దాయన్ని అడిగాం. ఆయన తమిళంలో అన్న మాటకి తెలుగు ఇది: "తంబీ, బ్యాటరీ చిన్నపిల్ల లాంటిది. దాన్ని ఇంటికి దూరంగా పంపితే దారి పొడుగునా కాపలా పెట్టాలి."

ఇప్పుడు కారు సంగతికి వద్దాం. మొదట్లో కారుని ముందర హ్యాండిలు తిప్పి స్టార్టు చేసేవారు. మన అంబాసిడర్లకీ ఆ హ్యాండిలు ఉండేది, పెద్దవాళ్లకి గుర్తే. 1912 కాడిలాక్ కారుకి చార్లెస్ కెటరింగ్ చేసిన ఎలక్ట్రిక్ స్టార్టరు వచ్చింది. ఆ రోజు నుంచి కారు బ్యాటరీకి బరువు పని పడింది. దీపాలకి కొన్ని ఆంపియర్లు చాలు. ఇంజిన్ని తిప్పే సెల్ఫ్ మోటారుకి వందల ఆంపియర్లు కావాలి.

ఆ పెద్ద బ్యాటరీని ఎక్కడ పెట్టాలో కార్లవాళ్లు చాలా కాలం తేల్చుకోలేదు. ఫోర్డ్ మోడల్ ఎ కారులో డ్రైవరు కాళ్ల కింద పలక తీస్తే బ్యాటరీ. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌లో ఇంజిను వెనక, బ్యాటరీ వెనక సీటు కింద. ఆ బీటిల్‌కి ఒక పేరుమోసిన జబ్బు ఉంది. టెర్మినల్స్ మీద మూత లేకుండా వదిలేసి, బరువైన మనిషి కూర్చుంటే సీటు స్ప్రింగులు కిందకి దిగి బ్యాటరీ టెర్మినల్స్‌కి తగిలేవి. సీటుకి నిప్పంటుకునేది. ఎంజీబీ కారులో రెండు 6 వోల్టుల బ్యాటరీలు సీట్ల వెనక పెట్టారు.

మన దేశంలో ఎక్కువగా తిరిగిన అంబాసిడర్, ఫియట్ బండ్లలో బ్యాటరీ బానెట్ కిందే. దానికి మంచి కారణాలున్నాయి. సెల్ఫ్ మోటారు దగ్గర్లో ఉంటుంది కాబట్టి పొట్టి వైరు చాలు. ఆ కాలపు బ్యాటరీకి నెలకోసారి మూతలు తీసి డిస్టిల్డ్ వాటర్ పోయాలి, బానెట్ ఎత్తితే చేతికందుతుంది. చార్జయ్యేటప్పుడు బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది. గాలిలో ఆ హైడ్రోజన్ నూటికి 4 పాళ్లు చేరితే ఒక్క మిణుగురు చాలు, పేలుతుంది. బానెట్ కింద గాలి ఆడుతుంది కాబట్టి అది చెదిరిపోతుంది. చెడ్డ గుణం ఒకటే, వేడి. ఇంజిను వేడికి, మన చిత్తిర ఎండకి బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది.

డిక్కీలోకి బ్యాటరీని పంపిన కారు అంటే ముందుగా చెప్పాల్సింది 1959లో వచ్చిన బ్రిటిష్ మినీ. అలెక్ ఇసిగోనిస్ అనే ఇంజినీరు పదడుగుల పొడవున్న చిన్న కారు చేశాడు. ఇంజిన్ని అడ్డంగా తిప్పి పెట్టాడు, గేరు పెట్టెను ఇంజిను కిందకి తోశాడు. ముందర బ్యాటరీకి చోటే మిగల్లేదు. అందుకని డిక్కీ నేలలో గుంట చేసి అందులో పెట్టాడు. అక్కడి నుంచి ముందున్న ఇంజిను దాకా బండి అడుగున పొడుగాటి వైరు లాగారు. (డిక్కీ అన్న మాట కూడా పాతదే. పాతకాలం కార్ల వెనక మూత తెరిస్తే బయటికొచ్చే అదనపు సీటుని డిక్కీ సీటు అనేవారు. సీటు పోయింది, పేరు మనకి మిగిలింది.)

తర్వాత 1989లో మాజ్డా ఎంఎక్స్-5 అనే జపాను కారు, ఆ తర్వాత చాలా బీఎండబ్ల్యూ కార్లు బరువు ముందూ వెనకా సమానం కావాలని బ్యాటరీని డిక్కీలో పెట్టాయి. పదిహేను కిలోల పెట్టెను ముందు చక్రాల మీద నుంచి వెనక చక్రాల అవతలికి పంపితే బండి మలుపులో మాట వింటుంది. కానీ వాళ్లు పెట్టెను మాత్రమే మార్చి ఊరుకోలేదు. మాజ్డాలో యాసిడ్ ఒలకని మూసిన బ్యాటరీ, గ్యాసు బయటికి పోవడానికి గొట్టం పెట్టారు. బీఎండబ్ల్యూ వాళ్లు 1990ల్లో ఇంకో అడుగు వేశారు. బండి గుద్దుకున్న మరుక్షణం చిన్న మందు పేలి ప్లస్ వైరుని బ్యాటరీ నుంచి విడగొట్టే బిగింపు పెట్టారు. బండి నలిగినప్పుడు అంత పొడుగు వైరు బాడీకి తగిలితే ఏమవుతుందో వాళ్లకి తెలుసు.

మూసిన బ్యాటరీ అంటే మన పక్క ఊరి కథ ఒకటి చెప్పుకోవాలి. తిరుత్తణి నుంచి రేణిగుంట వెళ్లే రైలెక్కితే తిరుపతి దగ్గర కరకంబాడి ఎంతో దూరం కాదు. చిత్తూరు జిల్లా రైతు కుటుంబంలో పుట్టి, అమెరికాలో ఇంజినీరుగా పనిచేసి తిరిగొచ్చిన గల్లా రామచంద్ర నాయుడు గారు 1985లో అక్కడ అమర రాజా బ్యాటరీస్ మొదలుపెట్టారు. నీళ్లు పోయక్కరలేని, మామూలుగా గ్యాసు బయటికి వదలని వీఆర్‌ఎల్‌ఏ రకం పెద్ద బ్యాటరీలు మన దేశంలో తొలినాళ్లలో చేసినవాళ్లలో వాళ్లొకరు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలకి, రైల్వేకి ఆ రకం బ్యాటరీలు వచ్చాయి. తర్వాత అమరాన్ పేరుతో కార్ల బ్యాటరీలూ చేశారు. ఏసీ పెట్టెల కింద నీళ్లు పోసే బ్యాటరీలు పోయి మూసినవి వచ్చిన మార్పుని మేము లెడ్జర్‌లో కళ్లారా చూశాం. డిస్టిల్డ్ వాటర్ క్యాన్ల లెక్క ఏడాదికేడాది తగ్గుతూ వచ్చింది.

సరే, ఇంత పెద్ద కంపెనీల కథ మన పళవేర్కాడుకి ఎందుకంటారా? ఇప్పుడు మా మామ కారు కథ వినండి.

1980లు, 90ల్లో పెట్రోలుకి, డీజిలుకి ధరలో చాలా తేడా ఉండేది. బాడుగ బండ్లవాళ్లు పెట్రోలు అంబాసిడర్ కొని, ఇంజిను మార్చి డీజిలు ఇంజిను బిగించుకునేవారు. తమిళనాడంతా ఇది మామూలు విషయం. మా మామ కూడా అదే చేశాడు. పళవేర్కాడులో అప్పుడు బాడుగ కార్లు వేళ్లమీద లెక్కపెట్టేన్ని. కాన్పుకైనా, పెళ్లికైనా, పొన్నేరి రైలందుకోవాలన్నా ఆ బండే. డీజిలు ఇంజిన్ని తిప్పడం బరువు పని, దానికి పెద్ద బ్యాటరీ కావాలి. పెద్ద బ్యాటరీ పాత ట్రేలో పట్టలేదు. మెకానిక్కు దాన్ని డిక్కీలోకి మార్చాడు. వెనక సీటు వెనకున్న రేకుకి బెజ్జం కొట్టి, వైరుని చాప కింద నుంచి ముందుకి లాగాడు. బ్యాటరీని వల తాడుతో కట్టాడు. మైనస్‌ని డిక్కీ నేలకే బిగించాడు. ఫ్యూజు లేదు. బెజ్జానికి రబ్బరు బుష్ లేదు.

మేము ఆ రోజు అక్కడే ఉన్నాం. బ్యాటరీ పక్కనే ఫ్యూజు ఉండాలని రోజూ లెడ్జర్‌లో చూసేవాళ్లం. నోటిదాకా వచ్చింది. "మామా, ఇక్కడొక ఫ్యూజు..." అన్నాం. "ఏరా, నువ్వు రైలు గుమాస్తావి, ఆయన బండి మెకానిక్కు. ఎవరి పని వాళ్లది" అన్నాడు మామ నవ్వుతూ. మేమూ నవ్వి ఊరుకున్నాం. పెద్దవాళ్లకి ఎదురు చెప్పడమేంటని.

రెండేళ్లు బండి బాగానే నడిచింది. 1993 ఆడి కృత్తికకి అందరం ఆ బండిలో తిరుత్తణి బయల్దేరాం. మామ, అత్త, వాళ్ల మనవరాలు, మా ఆవిడ, మేము. డిక్కీ నిండా మూటలు, పాల చెంబులు, పూల బుట్టలు. తిరువళ్లూరు దాటాక అత్త "కాళ్ల కింద వేడిగా ఉందిరా" అంది. చాప నుంచి పొగ వచ్చింది. మామ బండి ఆపి తాళం చెవి తీసేశాడు. పొగ ఆగలేదు, ఎక్కువైంది. బెజ్జం అంచుకి రెండేళ్లు రాసుకున్న వైరు తొక్క తెగి రేకుకి తగిలింది. బ్యాటరీ నుంచి ఆ రేకుదాకా కరెంటు ఆపడానికి మధ్యలో ఏమీ లేదు. తాళం చెవి తీస్తే సెల్ఫ్ ఆగుతుంది. బ్యాటరీ నుంచి వచ్చే లావు వైరులో ప్రాణం అలాగే ఉంటుంది. ఈ సంగతి ఆ రోజు రోడ్డు మీద మాకు అర్థమైంది.

పాపను కిటికీలోంచి బయటికి తీశాం. డిక్కీలో మూటలన్నీ రోడ్డు మీదకి విసిరి బ్యాటరీ దాకా చేరేసరికి చాప, సీటు స్పాంజి మండుతున్నాయి. వెనకొచ్చిన లారీ డ్రైవరు స్పానరు తెచ్చి మైనస్ క్లాంపు ఊడదీశాడు. అప్పుడు ఆగింది. మురుగన్‌కి తెచ్చిన పాలు మంట మీద పోశాం. అత్త పాదం కాలింది. మూడు నెలలు మంచం మీద ఉంది. బండి పోయింది, మామ బాడుగ పోయింది. మెకానిక్కుని తిట్టారు, దేవుడి కోపం అన్నారు. మామ చనిపోయేదాకా మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అందుకే ఇంకా బాధ.

తర్వాత ఎన్నోసార్లు ఆలోచించాం. తప్పు బ్యాటరీని డిక్కీలో పెట్టడంలో ఉందా? లేదు. మినీ లక్షల బండ్లు అలాగే తిరిగాయి. రైళ్లు వంద ఏళ్లకు పైగా బ్యాటరీని దూరంగా పెట్టి నడుస్తున్నాయి. పెట్టెను మార్చడం తేలిక. దానితోపాటు పొడుగైన వైరుకి కాపలా పెట్టడం మా మామ బండిలో జరగలేదు. అదే చరిత్ర మనకి చెప్పే మాట.

అందుకని ఆ పిల్లోడికి, వాడిలాంటి పిల్లలందరికీ మేము వద్దని చెప్పం. చేసేముందు ఇవి అడగండి అని చెబుతున్నాం.

ఒకటి, ఫ్యూజు. బ్యాటరీ ప్లస్ టెర్మినల్‌కి జానెడు దూరంలోనే, సెల్ఫ్ మోటారు లాగే కరెంటుకి తగిన పెద్ద ఫ్యూజు ఉండాలి. ఇంజిను దగ్గర పెట్టిన ఫ్యూజు వెనకున్న వైరుని కాపాడదు.

రెండు, వైరు లావు. లెక్క మేమే వేసి చూశాం. 5 మీటర్ల రాగి వైరులో సెల్ఫ్ 300 ఆంపియర్లు లాగుతుందనుకుందాం. 16 చదరపు మిల్లీమీటర్ల వైరైతే దారిలోనే 1.7 వోల్టులు పోతాయి. 35 వైరైతే 0.8 వోల్టు పోతుంది. సన్న వైరుతో చలికాలం పొద్దున బండి మూలుగుతుంది, వైరు వేడెక్కుతుంది. డబ్బు మిగిల్చే చోటు ఇది కాదు.

మూడు, దారి. రేకుకి బెజ్జం కొట్టిన ప్రతిచోటా రబ్బరు బుష్, పొడుగునా పైప్ తొడుగు, అడుగడుక్కీ క్లిప్పు. సైలెన్సరు పక్కన, కదిలే భాగాల పక్కన వెళ్లకూడదు.

నాలుగు, ఎర్తు. ఇది మా పళవేర్కాడువాళ్లు ముఖ్యంగా వినాలి. మనది ఉప్పుగాలి. సముద్రం ఒక పక్క, ప్రళయ కావేరి సరస్సు ఇంకో పక్క. రేవులో పడవ బ్యాటరీ టెర్మినల్స్ మీద పచ్చగా, తెల్లగా పేరుకునే ఉప్పు మీరు రోజూ గోకేదే. కారు బాడీ కూడా లోలోపల తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన బాడీని నమ్మి మైనస్‌ని డిక్కీ నేలకి బిగిస్తే సెల్ఫ్ కరెంటు అంతా ఆ తుప్పులోంచి రావాలి. రైల్వే లాగే మైనస్‌కీ ఒక వైరు ఇంజిను దాకా లాగండి. ఖర్చు ఎక్కువే. ఉప్పుగాలిలో బతికేవాళ్లకి అది దండగ కాదు.

ఐదు, బ్యాటరీ రకం, పెట్టె. మనుషులు కూర్చునే చోటికి గాలి కలిసే డిక్కీలో నీళ్లు పోసే బ్యాటరీ పెట్టకండి. మూసిన వీఆర్‌ఎల్‌ఏ రకం పెట్టి, దాని గొట్టం బయటికి వదలండి. ఇనుప పట్టీతో నేలకి బిగించండి. టెర్మినల్స్‌కి మూత ఉండాలి. డిక్కీలో జాకీ, స్పానరు, చేపల ఐసు పెట్టె అన్నీ దొర్లుతుంటాయి. బీటిల్ సీటు స్ప్రింగు కథ మర్చిపోవద్దు.

ఆరు, స్విచ్చి. సామాను కింద మునిగిపోకుండా, చేతికందే చోట బ్యాటరీని విడగొట్టే స్విచ్చి ఒకటి. మాకు ఆ రోజు అది ఉంటే అత్త పాదం మిగిలేది.

ఇవన్నీ చేస్తానన్న మెకానిక్కు సగం రోజులో చేసిస్తానని చెప్పడు. చెబితే లేచి వచ్చేయండి. మీకు ఎంత మొహమాటమైనా, ఆయన ఎంత పెద్దవాడైనా అడగండి. మేము అడగలేదు.

ఆ పిల్లోడికి ఇంకో మాట. వచ్చే ఆదివారం బండి తీసుకునిరా. మెకానిక్కుని కూడా పిలువు. మేము మా పాత కళ్లజోడు పెట్టుకుని వస్తాం. ఈసారి ఫ్యూజు ఎక్కడ అని మేమే అడుగుతాం.

మాది తమిళ బడి చదువు. తెలుగు అక్షరాలు అమ్మ పలక మీద నేర్పినవి. తప్పులుంటే సర్దుకుని చదవండి. మీ ఇంట్లో ఇలా మార్చిన బండి ఉంటే ఈ రోజే డిక్కీ తెరిచి ఒకసారి చూడండి.